పక్కన ఏముంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే దారిలో ఉన్నాయి. ఒకరు కథ గురించి అడిగారు, ఒకరు దారాల రంగు గురించి, ఇంకొకరు వీడియోల గురించి. చివరి ఉత్తరం ఒక తల్లి రాసింది. అన్నిటి అడుగునా ఉన్న సందేహం మాత్రం ఒకటే: ఒకదానికొకటి పడని రెండింటిని తెచ్చి పక్కపక్కన పెడితే ఏమవుతుంది? ముప్ఫయ్యేళ్ళు పత్రికల్లో పేజీలు పెట్టాను, కథలు దిద్దాను. దేని పక్కన ఏది ఉండాలో చూసుకోవడమే నా పని. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి ఈ ఆరింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, 'జక్స్టాపొజిషన్' అనే మాటను తెలుగులో ఏమనాలి? 'వైరుధ్యం' అంటే సరిపోతుందా?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: సరిపోదమ్మా. నిప్పుకీ నీటికీ వైరుధ్యం ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ వాటిని దగ్గరికి తేకపోయినా ఉంటుంది. నువ్వడిగిన మాట ఒక పనికి పేరు. ఎవరో ఒకరు పూనుకుని రెండింటినీ తెచ్చి చేరువలో పెట్టడం. లాటిన్‌లో 'జుక్స్‌టా' అంటే పక్కన అనే అర్థం. మామూలు రాతలో 'పక్కపక్కన పెట్టడం' అని రాయి, ఎవరికైనా తెలుస్తుంది. శాస్త్రం మాట కావాలంటే నాకు 'సన్నిధి' ఇష్టం.

ఎందుకు ఇష్టమో చెబుతాను. మాటలు కలిసి వాక్యం ఎలా అవుతాయో చెబుతూ మన తర్కశాస్త్రం మూడు షరతులు పెట్టింది: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడాలి, అది ఆకాంక్ష. 'నిప్పుతో తడుపు' లాంటి పొసగని కలయిక కాకూడదు, అది యోగ్యత. మూడోది సన్నిధి. 'ఆవును' అని ఇప్పుడు చెప్పి, ఒక జాము గడిచాక 'తీసుకురా' అంటే అది వాక్యం కాదు. చేరువలో ఉంటేనే అర్థం పుడుతుంది. అలంకారశాస్త్రంలోకి వెళ్తే, ఒకదానికొకటి తగని రెండింటిని కూర్చి చెప్పడం విషమాలంకారం. పైకి విరుద్ధంగా వినిపించి, ఆలోచిస్తే పొసిగేది విరోధాభాస. పరీక్షలో ఈ రెండూ కలిపేసి రాయకు.

ఇక పుస్తకాలు మూసేసి మన నోళ్ళలో మాటలు విను. 'వాళ్ళిద్దరూ కూర్చుని కష్టసుఖాలు చెప్పుకున్నారు' అంటే మనసు విప్పి మాట్లాడుకున్నారని. కష్టాలెన్ని, సుఖాలెన్ని అని ఎవరూ లెక్కపెట్టరు. 'మంచిచెడ్డలు చూసేవాళ్ళు లేరు' అంటే ఆలనాపాలనా లేదని. 'పెద్దాచిన్నా వచ్చారు' అంటే ఒక్కరూ మిగలకుండా అందరూ వచ్చారని. 'హెచ్చుతగ్గులు' అనగానే హెచ్చూ పోయింది, తగ్గూ పోయింది, మధ్యలో ఉన్న అసమానత ఒక్కటే మిగిలింది. రెండు ఎదురు మాటలు, మధ్యలో 'మరియు' లేదు, 'కానీ' లేదు. రెండింట్లో ఏ ఒక్కదానికీ లేని మూడో అర్థం వచ్చి కూర్చుంది. నువ్వు అడిగినదానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. రోజూ వాడతాం కాబట్టే మనకి కనబడదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నా కథలో మొదటి పేరాలో పెళ్ళి ఇల్లు, రెండో పేరాలో అదే వీధిలో చావు ఇల్లు చూపించాను. 'ఒకవైపు నవ్వులు, మరోవైపు ఏడుపులు! ఎంత వైరుధ్యం! ఇదే కదా జీవితం' అని ముగించాను. 'పోలిక కృత్రిమంగా ఉంది' అని పత్రిక నుంచి తిరిగొచ్చింది. లోకంలో ఉన్నదే రాశాను, కృత్రిమం ఎలా అవుతుంది?
— కొత్తగా కథలు రాస్తున్న పాఠకుడు

జవాబు: బాబూ, ముందు ఆ చివరి మూడు వాక్యాలూ కొట్టెయ్యండి. బాధపడకండి, నేను దిద్దిన కథల్లో నేను ఎక్కువసార్లు కొట్టేసిన వాక్యాలు ఇలాంటివే. రెండింటిని పక్కపక్కన పెట్టినప్పుడు మధ్యలో కాస్త ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని దాటాల్సింది చదివేవాళ్ళు. మీరే పరుగున వెళ్ళి అక్కడ నిలబడి 'చూశారా ఎంత తేడానో' అన్నారంటే వాళ్ళకి చెయ్యడానికి పని లేదు. మీ మాట నమ్మడమో నమ్మకపోవడమో తప్ప ఇంకేం మిగల్లేదు.

రెండో సంగతి దీనికంటే ముఖ్యం. పెళ్ళికీ చావుకీ తేడా ఉందని అందరికీ తెలుసు. మీరు తేడా ఒక్కటే చూపించారు, రెండింటినీ కలిపే పేగు చూపించలేదు. ఏ సంబంధమూ లేని రెండింటి తేడా మనసుకి ఆనదు. గొడుగుకీ గురువారానికీ ఎంత తేడా అంటే ఎవరు పట్టించుకుంటారు? ఒకే నేల మీద నిలబడ్డ రెండైతేనే వాటి మధ్య దూరం తెలుస్తుంది. కాబట్టి ఆ రెండిళ్ళ మధ్య తిరిగే వస్తువు ఏదైనా ఉందేమో వెతకండి.

ఉదాహరణకి అద్దె కుర్చీలు. పొద్దున పెళ్ళి ఇంటి ముందు నుంచి బండిలోకి ఎక్కించిన కుర్చీలే మధ్యాహ్నం చావు ఇంటి ముందు దింపారనుకోండి. ఒక కుర్చీ కాలికి బెలూన్ దారం ఇంకా వేలాడుతోంది. బెలూన్ పగిలిపోయింది, ఎర్ర రబ్బరు ముక్క మాత్రం దారం కొసన ఉంది. దించే కుర్రాడు దాన్ని చూశాడు. కుర్చీ కింద పెట్టకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముడి విప్పడానికి ప్రయత్నించాడు. రాలేదు. పంటితో కొరికి తెంపి జేబులో వేసుకున్నాడు. అక్కడ ఆపండి. ఇప్పుడు మీ కథలో నవ్వులూ లేవు, ఏడుపులూ లేవు, 'వైరుధ్యం' అన్న మాట అసలే లేదు. చదివినవాళ్ళకి రెండిళ్ళూ ఒక్కసారిగా కనిపిస్తాయి. పైగా ఒక కుర్రాడి మర్యాద కూడా కనిపిస్తుంది, అది మీరు మొదట అనుకున్న కథలో లేదు.

చాలా ఏళ్ళ కిందట నా దగ్గరికి ఒక కొత్త రచయిత్రి కథ వచ్చింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటున్నారు, మాటల్లేవు. పెరడు కొలవాలి. టేపు ఒక కొస అన్న పట్టుకున్నాడు, ఇంకో కొస తమ్ముడు. టేపు మధ్యలో జారి వేలాడితే కొలత తప్పుతుంది. అందుకని ఆర్నెల్ల తర్వాత మొదటిసారి అన్న నోరు విప్పి 'ఇంకాస్త బిగించి లాగు' అన్నాడు. తమ్ముడు లాగాడు. విడిపోవడానికి కూడా ఇద్దరూ ఒకే టేపు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మాట కథలో ఎక్కడా లేదు, నేను ఇప్పుడు మీకోసం చెబుతున్నాను. ఆ కథలో నేను ఒక్క కామా కూడా మార్చలేదు. ప్రూఫు చదువుతుంటే ఆ పేరా దగ్గర రెండుసార్లు ఆగాను.

ఇంకొక్కటి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఊరికే వదిలెయ్యకండి. 'కుర్రాడు అల్లరివాడు, కానీ బాగా చదువుతాడు' అంటే మెచ్చుకున్నట్టు. 'బాగా చదువుతాడు, కానీ అల్లరివాడు' అంటే ఫిర్యాదు. మాటలు అవే. వెనక వచ్చింది చెవిలో నిలబడిపోతుంది. మీ కథ పెళ్ళితో మొదలై చావుతో ముగిస్తే ఒక కథ, చావుతో మొదలై పెళ్ళితో ముగిస్తే పూర్తిగా వేరే కథ. రెండూ రాసి చూసుకోండి. తర్వాత పంపండి, నేను చదువుతాను.

ప్రశ్న: అక్కా, ఎంబ్రాయిడరీ నేర్చుకుంటున్నాను. ఒకే రీలులో బూడిద రంగు దారం నారింజ పువ్వు పక్కన కుడితే నీలంగా, పచ్చని ఆకు పక్కన కుడితే కాస్త గులాబీగా కనిపిస్తోంది. దారంలో లోపమా, నా కళ్ళలోనా?
— ఒక పాఠకురాలు

జవాబు: దారంలోనూ లేదు, నీ కళ్ళకీ జబ్బు లేదమ్మా. ఇదే ఫిర్యాదు రెండు వందల ఏళ్ళ కిందట పారిస్‌లో ఒక పెద్ద రసాయన శాస్త్రవేత్త ముందుకొచ్చింది. ఆయన పేరు మిషెల్ యూజీన్ షెవ్రోల్. గోడలకు వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసే గోబెలిన్స్ నేతశాలలో 1824లో అద్దకం విభాగానికి అధిపతిగా చేరాడు. మా నల్ల దారం వెలవెలబోతోంది, నీలం, ఊదా బట్టల్లో నీడల కోసం వాడితే నలుపు నిలబడటం లేదు అని నేతగాళ్ళు మొత్తుకున్నారు. ఆయన వేరే చోట్ల అద్దిన నల్ల దారాలు తెప్పించి తమ దారంతో పోల్చి చూశాడు. నలుపులో లోపమేమీ కనబడలేదు. ఆ నలుపు పక్కన ఉన్న నీలమూ ఊదానే దాన్ని అలా కనిపించేలా చేస్తున్నాయి. రసాయనాల్లో పరిష్కారం వెతకబోయిన మనిషి చివరికి చూపు గురించి పుస్తకం రాశాడు, 1839లో. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి వీలైనంత దూరం నెట్టుకుంటాయన్నది అందులోని సారం. ఆ తర్వాత చిత్రకారులు ఎంతోమంది ఆయన చెప్పినదాన్ని పట్టుకుని పనిచేశారు.

నమ్మకం కుదరకపోతే ఒక బూడిద రంగు కాగితం తీసుకుని రెండు ముక్కలు చెయ్యి. ఒకటి తెల్ల కాగితం నడుమ, ఇంకోటి నల్ల కాగితం నడుమ పెట్టు. తెలుపు మీదిది ముదురుగా, నలుపు మీదిది లేతగా కనిపిస్తుంది. రెండూ ఒకే కాగితమని నువ్వే కత్తిరించావు, అయినా కన్ను ఒప్పుకోదు. తెలిసినా మారదు, అదే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం.

కుట్టుకి పనికొచ్చే మాట ఒకటి. ఎరుపు, ఆకుపచ్చ వెడల్పుగా పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రగిలిస్తాయి. అవే రెండు రంగుల దారాలు పోగు పక్కన పోగుగా సన్నగా కలిపి కుడితే, దూరం నుంచి చూసేసరికి రెండూ కలిసిపోయి మసకబారతాయి. కాబట్టి దారాన్ని రీలు మీద చూసి ఎంచుకోకు. కుట్టబోయే బట్ట మీద, పక్కన రాబోయే రంగుకి ఆనించి చూసుకో.

ప్రశ్న: స్నేహితులతో కలిసి చిన్న వీడియోలు చేస్తాను, ఎడిటింగ్ నాదే. సంబంధం లేని రెండు షాట్లు పక్కన పెట్టినా చూసేవాళ్ళు ఏదో అర్థం చెప్పుకుంటున్నారు. ఇది నా గొప్పా, వాళ్ళ గొప్పా?
— ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: వాళ్ళదే నాయనా. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఇదే పరీక్ష చేశాడు. ఇవాన్ మొజూఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేని షాట్ ఒకటి తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఇలా వేర్వేరు షాట్లు అతికించాడు. చూసినవాళ్ళు ఆ ముఖంలో ఆకలి ఉందన్నారు, దుఃఖం ఉందన్నారు, నటనను మెచ్చుకున్నారని చెబుతారు. ముఖం మాత్రం ఒక్కటే. ఆ తరం వాడే సెర్గెయ్ ఐసెన్‌స్టయిన్ 1929లో ఒక వ్యాసంలో లిపిని ఉదాహరణగా చూపించాడు: చైనా, జపాన్ రాతలో నీటి గుర్తూ కంటి గుర్తూ పక్కపక్కన రాస్తే ఏడుపు అని అర్థం. అది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. కన్ను, నీరు. కన్నీరు. మనం చిన్నప్పటి నుంచీ అంటున్న మాటే.

నువ్వు ఎడిటింగ్ చేస్తున్నావు కాబట్టి నాకు జరిగింది కూడా చెబుతాను. అప్పట్లో పేజీలు కంప్యూటర్‌లో చేసేవాళ్ళం కాదు, బ్రోమైడ్లు, అంటే అక్షరాలు, బొమ్మలు దిగిన ఫోటో కాగితాలు, కత్తిరించి జిగురుతో అతికించేవాళ్ళం. ఎడమ పేజీ నాది: ప్రమాదంలో కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి గురించి వ్యాసం, ఆమె ఫోటో. చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కుడి పేజీ ప్రకటనల విభాగానిది. డమ్మీలో, అంటే ఏది ఎక్కడ రావాలో చూపే పేజీ నమూనాలో, అక్కడ 'ప్రకటన' అని ఒక గీత గీసి ఉంది, అంతే. ఏ ప్రకటనో నేను అడగలేదు. పత్రిక అచ్చయి వచ్చాక తెరిస్తే ఆ తల్లి ముఖానికి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ముఖం. పళ్ళపొడి ప్రకటన. పది రోజులకి ఆ తల్లి చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తిట్టలేదు. మా అక్కకి ఆ పేజీ చూపించలేకపోయాం, వ్యాసం మాత్రం కత్తిరించి ఇచ్చాం అని రాసింది.

ఎవరి ఉద్దేశమూ లేదు. అయినా ఆ రెండు పేజీలూ కలిసి ఒక మాట అనేశాయి, ఆ మాట నేను అన్నట్టే లెక్క. అప్పటి నుంచి ఏ పేజీ అయినా ఎదురు పేజీతో కలిపి పరిచి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా బొమ్మగా చూసి గానీ పంపను. నువ్వు కూడా నీ వీడియోను ఒకసారి శబ్దం తీసేసి చూడు. ఏ షాట్ పక్కన ఏ షాట్ ఏమంటోందో అప్పుడు తెలుస్తుంది. మనుషుల ముఖాలున్న చోట మరీ జాగ్రత్త. నువ్వు అతికించిన షాట్ వల్ల ఒక మనిషి తను పడని సంతోషమో, చెయ్యని తప్పో మోయాల్సి రావచ్చు.

ప్రశ్న: మందుల ప్రకటనల్లో 'ముందు – తర్వాత' అని పక్కపక్కన వేసే ఫోటోలను ఎంతవరకు నమ్మాలి?
— ఒక పాఠకుడు

జవాబు: రెండింట్లో వెలుతురు ఒకటేనా, కెమెరా దూరం ఒకటేనా, మనిషి నిలబడిన తీరు ఒకటేనా చూడండి. ఒకదాంట్లో భుజాలు వంగి, రెండోదాంట్లో నిటారుగా ఉంటే మీరు చూస్తున్న తేడాలో ఎంత మందుదో, ఎంత నిలబడటానిదో చెప్పలేరు. పోల్చదలచిన ఒక్క విషయం తప్ప మిగతావన్నీ మారకుండా ఉంటేనే ఆ జతకి విలువ.

ప్రశ్న: అమ్మా, నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది చదువులో చురుకు, పనిలో చురుకు, అందరూ మెచ్చుకుంటారు. చిన్నది నెమ్మది. మేమేమీ అనకపోయినా, నెమ్మదిదానికి ఇంట్లో 'మందమతి' అన్న పేరు స్థిరపడిపోయింది. మొన్న అది 'అక్క లేకపోతే నేను బాగుండేదాన్నేమో' అంది. ఏం చెప్పాలో తెలియలేదు.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల మందమతి కాదు. తనకి జరుగుతున్నదేమిటో అంత పొందికగా, ఒక్క వాక్యంలో చెప్పిన పిల్ల మందమతి ఎలా అవుతుంది? ఆ మాటలో అక్క మీద ద్వేషం కూడా నాకు వినబడలేదు. పైన నేను చెప్పిన నల్ల దారానికి నోరుంటే అదే మాట అనేది.

మేమేమీ అనలేదు అని రాశారు. నిజమే అయి ఉంటుంది. కానీ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, అవే తరగతులు ఒకరి వెనక ఒకరు చదివే ఇద్దరిని ఎవరూ పనిగట్టుకుని పోల్చక్కర్లేదు. పక్కపక్కన ఉండటమే పోల్చేస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళు చూసేది ఆ పిల్లను కాదు, ఇద్దరి మధ్య దూరాన్ని. షెవ్రోల్ చేసిన పని గుర్తుంది కదా. దారాన్ని మార్చలేదు. దాన్ని ఆ నీలం పక్క నుంచి తీసి చూశాడు.

మీరు కూడా ముందు ఆ పని చెయ్యండి. ఇద్దరినీ విడదియ్యమని అనడం లేదు, వాళ్ళు ఒకరికొకరు కావాలి. రోజులో ఒక గంట, చిన్నది ఒక్కతే మీతో ఉండేలా చూడండి. ఆ గంటలో పెద్దదాని పేరు రానివ్వకండి, మెచ్చుకోలుగా కూడా వద్దు. పెద్దదాని గురించి కూడా ఒక మాట: పక్కన నెమ్మదిగా ఉండే చెల్లెలు ఉన్నందువల్ల తనకి వచ్చిన వెలుగు ఎంతో, తన సొంత వెలుగు ఎంతో ఆ పిల్లకీ తెలియదు. ఆ బరువు కూడా చిన్నదేమీ కాదు.

పోల్చకుండా ఉండలేమనుకుంటే, పోల్చడానికి తగిన జత ఒకటుంది. చిన్నదాని నిరుటి నోట్‌బుక్కులు పారెయ్యకుండా ఉంచారా? ఉంటే ఒకటి తీసి, ఈ ఏడాది నోట్‌బుక్ పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి పేజీలు తిప్పండి. మీరేమీ అనకండి. ఏం మారిందో తననే చెప్పనివ్వండి. తను ఏమందో నాకు రాస్తారు కదూ.